గోడకి తగిలించిన తుపాకీలో మందెందుకు?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. విత్తనాల గురించి కాదు, యూరియా గురించి కాదు. తుపాకీ గురించి.

మొక్కజొన్న కండి పట్టింది. వరి పొట్ట మీదుంది. కొండ వార చోడి చేలు వెన్ను తీశాయి. ఇక్కణ్ణించి కోత దాకా పందులతోనే మన గొడవ. సాలూరు, పాచిపెంట, మక్కువ, ఏ మండలం వాళ్లయినా కొండ పక్కన చేనుంటే ఈ బాధ తెలియనోడు లేడు. లైసెన్సు ఉన్న తుపాకులు అటక మీంచి, లేనివి గడ్డివాములోంచి బయటికొచ్చే రోజులివి. వాటితోపాటే ప్రతి ఏడూ వినే మాట ఒకటుంది. "మందు కూరని తుపాకీ ఉంటే ఎంత, నేకపోతే ఎంత బావూ? కర్రముక్కతో సమానం కదేటి." టీ కొట్టు దగ్గర ఇదే, సంతలో ఇదే, వాట్సాప్ గ్రూపులో ఇదే.

ఈ మాట తప్పని చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఇంట్లో ఉన్న తుపాకీ ఖాళీగా ఉండాలి. మందు, గుళ్లు చేను గట్టు మీదే తుపాకీలోకి వెళ్లాలి. క్యాపు ఆఖరి నిమిషంలో ఎక్కాలి. తెల్లారి ఇంటికి తిరిగొచ్చే ముందే అంతా బయటికి రావాలి. ఇంతకంటే ఎక్కువ సిద్ధంగా ఉంచితే మనకి వచ్చే లాభం ఏమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంది.

ముందుగా ఒక మాట. తుపాకీ ఎందుకు పెట్టుకుంటారో తెలియక రాస్తున్న పోస్టు కాదిది. ఎకరం మొక్కజొన్న ఒక్క రాత్రిలో దొర్లించేసి పోతాయి. తిన్నది కొంత, తొక్కింది ఎక్కువ. దున్నిన డబ్బులు, ఎరువు డబ్బులు, కూలి డబ్బులు అన్నీ అక్కడే పడుంటాయి. తెల్లారి ఆ చేను చూసిన రైతుకి ఎంత కోపం వస్తుందో పట్నంలో కూర్చున్నోడికి తెలీదు. చట్టం కూడా ఈ బాధని గుర్తించింది. 1959 ఆయుధాల చట్టంలోనే పంట కాపలా కోసం గొట్టంలోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని రాసుంది. అది చాలదని అధికారికి అనిపిస్తే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న వేరే తుపాకీకి కూడా ఇవ్వొచ్చని ఉంది. కాబట్టి తుపాకీ పట్టిన రైతుని దొంగలా చూడక్కర్లేదు. నేను మాట్లాడేది పట్టుకున్నాక ఎలా ఉంచుతున్నామన్న దాని గురించి.

లైసెన్సు లేనివాళ్లకి కూడా తెలియాల్సింది ఒకటుంది. 2019లో చట్టం మారింది. లైసెన్సు లేని తుపాకీ దొరికితే శిక్ష ఇప్పుడు రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా. తయారు చేసినోడికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. "మా తాతల నాటిది, పందుల కోసమే ఉంచాం" అంటే కోర్టులో చెల్లదు. అప్పగించమని పోలీసులు పిలిచినప్పుడు పంచాయతీ పెద్దల్ని వెంటబెట్టుకుని అప్పగించేయడం మేలు. పంట పోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. ఇంటి మగోడు ఐదేళ్లు జైల్లో ఉంటే ఆ చేను ఎవడు దున్నుతాడు?

ఇక అసలు విషయం. తుపాకీ "సిద్ధంగా ఉండటం" అంటే ఒకటే స్థితి అనుకుంటాం. కాదు. మన దగ్గర ఎక్కువగా ఉండే ఒంటి గొట్టం మందు తుపాకీనే తీసుకోండి, పోలీసులు ఎస్‌బీఎంఎల్ అని రాస్తారు. దీనికి నాలుగు మెట్లున్నాయి. ఒకటి, పూర్తిగా ఖాళీ. రెండు, లోపల మందూ గుళ్లూ కూరారు, క్యాపు పెట్టలేదు. మూడు, క్యాపు పెట్టి గుర్రం దాని మీదికి దించారు. నాలుగు, గుర్రం పైకి లాగి ఉంచారు, ట్రిగ్గరు తగిలితే చాలు.

మనవాళ్లు చాలామంది మూడో మెట్టు మీద ఉంచి "గుర్రం దించేశాను, భయం నేదు" అంటారు. అన్నిటికంటే మోసం చేసేది అదే. గుర్రం క్యాపు మీదే కూర్చుని ఉంది. తుపాకీ మేకు మీంచి జారి గుర్రం వైపు పడిందా, పలుపుతాడు తగులుకుని గుర్రం కొంచెం లేచి మళ్లీ పడిందా, మంచె ఎక్కేటప్పుడు మెట్టుకి కొట్టుకుందా, క్యాపు పేలుతుంది. ట్రిగ్గరు ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. మంచి కంపెనీ తుపాకీలో గుర్రం సగంలో ఆగడానికి ఒక గాడి ఉంటుంది. పాత తుపాకుల్లో ఆ గాడి అరిగిపోయి ఉంటుంది. నాటుగా చేసినవాటిలో అసలు ఉందో లేదో చేసినోడికే తెలియాలి.

రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య తేడా ఒక చిన్న క్యాపు. శనగగింజంత ఉంటుంది. అది ఎక్కించడానికి పట్టే టైము ఎంత? అలవాటైన చేతికి నాలుగైదు సెకన్లు. పన్నెండు బోరు తుపాకీ ఉన్నవాళ్లకైతే ఇంకా సులువు. గొట్టం వంచి తూటా పెట్టి మూయడమే, అదీ అంతే టైము. ఆ నాలుగు సెకన్లు మిగుల్చుకోవడానికి ఏడాదంతా ఇంట్లో చావుని గోడకి తగిలించుకుంటామా?

"ఆ నాలుగు సెకన్లే ముఖ్యం" అంటారు కొందరు. ఎవరికి ముఖ్యం? పంది మన మీద దూకడానికి రాదు, కండి తినడానికి వస్తుంది. గుంపుగా వస్తుంది. చేలో దూరగానే కర్ర విరిగిన చప్పుడు, నమిలిన చప్పుడు, పిల్లల గుర్రుగుర్రు మంచె మీదికి వినపడతాయి. మనం చూసేలోపు కొన్ని నిమిషాలైనా వింటాం. ఆ నిమిషాల్లో క్యాపు పెట్టుకోలేనోడు గుర్రం లేపి పెట్టుకున్నా ఏమీ చెయ్యలేడు. పైగా మనకి కావలసింది అవి పోవడం. టార్చి వేసి, డబ్బా కొట్టి, కేక వేస్తే చాలాసార్లు పోతాయి. మన మీదికి తిరగబడేది ఎక్కువగా దెబ్బ తిన్న పందే. చీకట్లో తొందరపడి కాల్చి దెబ్బ తీసి వదిలేస్తే, తెల్లారి జీడితోటలో పిక్కలేరుకునే మన ఆడవాళ్లకి అది ఎదురవుతుంది.

ఎలుగుబంటి సంగతి వేరు కదా అంటారు. నిజమే. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుల దాడులు అందరికీ తెలిసినవే. కానీ ఎలుగు దాడి ఎలా జరుగుతుంది? పొద చాటున పది అడుగుల దూరంలో అదీ మనమూ ఒకర్నొకరు చూసుకుని బెదిరినప్పుడు జరుగుతుంది. ఆ దూరంలో పొడుగాటి తుపాకీ భుజం మీంచి దించేలోపే అయిపోతుంది. అక్కడ ప్రాణం కాపాడేది నలుగురు కలిసి వెళ్లడం, మాట్లాడుకుంటూ చప్పుడు చేస్తూ వెళ్లడం, చీకటి పడ్డాక, తెల్లారక ముందు వెళ్లకపోవడం. గొట్టంలో మందు ఎంతున్నా దానికి సాయం రాదు.

ఇప్పుడు "ఎప్పుడూ సిద్ధం" అనేవాళ్లు ఆలోచించని మాట చెప్తాను. వాళ్లు సిద్ధం అనుకునే తుపాకీ చాలాసార్లు సిద్ధంగా ఉండదు. నల్లమందుకి తేమ పడదు. మన వానాకాలం ఎలాగుంటుందో మీకు తెలుసు, అగ్గిపెట్టె కూడా నెమ్ము ఎక్కి గీసినా వెలగదు. అలాంటి గాలిలో కూరిన మందు వారం పది రోజులు గొట్టంలో ఉంటే నెమ్మెక్కుతుంది. కాల్చిన తర్వాత తుడవని గొట్టమైతే పాత మసి తేమని ఇంకా లాగుతుంది, లోపల తుప్పు కూడా పడుతుంది. అప్పుడు ట్రిగ్గరు నొక్కితే ఏమవుతుంది? క్యాపు "టప్" మంటుంది, మందు అంటుకోదు. లేదా ఒక క్షణం ఆగి అంటుకుంటుంది. ఈ రెండోది మహా చెడ్డది. "పేలలేదేటి" అని గొట్టం పక్కకి తిప్పి చూసేసరికి పేలుతుంది. పక్కనున్నోడు పోతాడు, లేకపోతే చూసినోడే పోతాడు. అందుకే క్యాపు పేలి మందు అంటుకోకపోతే గొట్టం అవతలి వైపే పెట్టి కనీసం ఒక నిమిషం కదలకుండా ఉండాలి. ఈ సంగతి మన కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు?

అదే సాయంత్రం పొడి మందు కూరి, పొడి క్యాపు జేబులో డబ్బీలో పెట్టుకుని మంచె ఎక్కినోడి తుపాకీ కావలసినప్పుడు పేలుతుంది. మరి ఎవడి తుపాకీ సిద్ధంగా ఉన్నట్టు?

ఇంకో చిక్కుంది. మందు తుపాకీలో కూరడం సులువు, తీయడం కష్టం. పన్నెండు బోరులో తూటా పెట్టినంత తేలిగ్గా బయటికి లాగేయొచ్చు. మందు తుపాకీలో ఒకసారి కూరాక పేల్చాలి, లేదా మరమేకున్న కడ్డీతో జాగ్రత్తగా లాగాలి. ఆ పని బద్ధకించి "రేపు రాత్రికి పనికొస్తాది" అని అలాగే గోడకి తగిలిస్తాం. రేపు వాన పడుతుంది, చేనుకి పోము. ఎల్లుండి మేనల్లుడి పెళ్లి. నాలుగో రోజుకి దానిలో మందుందన్న సంగతే మర్చిపోతాం. ఐదో రోజు ఇంటికొచ్చిన చుట్టాల గుంటడు దాన్ని దించి, "టప్ టప్" అని సినిమాలో హీరోలా చెల్లెలి వైపు గురి పెడతాడు. మిగతాది నేను రాయను.

పిల్లలకి చెప్పాం, ముట్టుకోరు అంటారా? మన గుంటలు జీడి జీడి అంటున్నా జీడిపిక్కల్ని నిప్పులో వేస్తారు. వద్దన్నా గెడ్డలో దూకుతారు. మనం చిన్నప్పుడు ఏ మాట విన్నాం? పిల్లలకి చెప్పడం మన బాధ్యత, చెప్పినా వినరని తెలిసి గొట్టం ఖాళీ చేసి బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా మన బాధ్యతే. మందూ క్యాపులూ ఇంకోచోట, ఇంకో తాళంలో. ఆ తాళంచెవి తుపాకీ పక్కన మేకుకి తగిలించకూడదు.

పిల్లలే కాదు. కోపం ఉంది, సారా ఉంది. గట్టు తగాదాలున్నాయి. నీళ్ల మళ్లింపు తగాదాలు ఎలా మొదలవుతాయో మనకి తెలియదా? మాట మీద మాట, అమ్మ మీద తిట్టు, కర్ర. అక్కడ ఒక తుపాకీ మందు కూరి సిద్ధంగా ఉంటే తగాదా కర్ర దగ్గర ఆగదు. ఖాళీ తుపాకీ అయితే మందు వెతకాలి, కూరాలి, కడ్డీతో దట్టించాలి, క్యాపు పెట్టాలి. ఆ నిమిషంన్నరలో పెళ్లాం వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, తమ్ముడు వచ్చి అడ్డం పడతాడు, మన తలకే కొంచెం చల్లగాలి తగులుతుంది. అప్పులపాలైన రైతు ఒంటరిగా అర్ధరాత్రి కూర్చున్నప్పుడు కూడా ఆ నిమిషంన్నరే అడ్డం వస్తుంది. మన రైతు కుటుంబాలకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

పేపర్లో మీరు కూడా చూసుంటారు, "తుపాకీ మిస్‌ఫైర్ అయి ఒకరి మృతి" అని. ఆ మాట మీద నాకు చాలా కోపం. మిస్‌ఫైర్ అంటే పేలాల్సినప్పుడు పేలకపోవడం. పేలకూడనప్పుడు పేలితే దాన్ని మిస్‌ఫైర్ అనకూడదు, నిర్లక్ష్యం అనాలి. మిస్‌ఫైర్ అని రాసేసరికి తప్పంతా ఇనపగొట్టానిది అయిపోతుంది, మనిషి చేతులు కడుక్కుంటాడు. చట్టం అలా కడుక్కోనివ్వదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైతే ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే ఉండేది. పోలీసోళ్లలో కూడా తుపాకీ తుడుస్తుండగా పేలి పోయిన వార్తలు వింటాం. రోజూ తుపాకీతో బతికే, శిక్షణ పొందినోడికే అలా జరిగితే, ఏడాదికి రెండు నెలలు ముట్టుకునే మన సంగతేటి?

ఇప్పుడు కుర్రాళ్లకి. మీ ఫోన్లలో అమెరికా వీడియోలు తిరుగుతున్నాయి. నడుముకి పిస్తోలు, లోపల తూటా ఎక్కించే ఉంచాలా, ఖాళీగా ఉంచి అవసరమొస్తే లాగాలా అని గంటలు గంటలు వాదించుకుంటారు. ఎక్కించే ఉంచాలనేవాళ్ల వాదన ఒకటే, దాడి జరిగినప్పుడు రెండో చెయ్యి ఖాళీ ఉండదు, సెకను కూడా మిగలదు. వాళ్ల వీధి, వాళ్ల భయం, వాళ్ల చట్టం వేరు. ఒక్కటి గమనించండి. ఆ వాదన చేసేవాళ్లు కూడా పిస్తోలు ఒంటి మీదే ఉండాలంటారు, ట్రిగ్గరుని పూర్తిగా కప్పే గట్టి ఒర ఉండాలంటారు, కింద పడినా పేలకుండా లోపల అడ్డు ఉన్న కొత్త తుపాకీ కావాలంటారు, వారం వారం సాధన చెయ్యాలంటారు. ఒంటి మీంచి తీస్తే తాళంలో పెట్టాలంటారు. అందులో మన దగ్గర ఏది ఉంది? వాళ్ల వాదనలోంచి "ఎప్పుడూ లోడు చేసే ఉంచాలి" అన్న ఒక్క ముక్క తెచ్చి మన గోడ మేకుకి తగిలిస్తే ఎలా?

అదే అమెరికాలో పాతకాలం ఆరు గుళ్ల రివాల్వర్ పట్టుకుని గుర్రాల మీద తిరిగినోళ్లు ఐదు గుళ్లే నింపేవారు. గుర్రం కింద ఉండే గది ఖాళీ వదిలేవారు, కింద పడితే పేలుతుందని. సినిమాలో అది చూపించరు.

పిస్తోలు లైసెన్సు కోసం తిరుగుతున్నవాళ్లకి కూడా ఒక మాట. పంట కాపలా కింద చట్టం చెప్పేది పొడుగు గొట్టం తుపాకీ. రివాల్వర్, పిస్తోలు దాని కిందకి రావు. ప్రాణానికి ముప్పు ఉందని వేరే కారణం చూపించాలి. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం తుపాకీ వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో భద్రంగా దాస్తానని రాసివ్వాలి. బయటికి తీసుకెళ్తే ఒరలోనే ఉండాలి. పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లో పేల్చినా 2019 సవరణతో రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. భద్రంగా దాస్తానని సంతకం పెట్టినోడు దాన్ని తలగడ కింద మందుతో పెట్టుకుని పడుకుంటే ఆ సంతకానికి అర్థమేటి?

"దొంగలొస్తే?" అన్నది ఆఖరి బాణం. సరే, చూద్దాం. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చెయ్యమంటారు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు. అంటే 81 రోజులు. ఆ రోజుల్లో మీ తుపాకీ స్టేషన్లో ఉంటే, మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు దోచుకుపోయారు? ఎండాకాలం, చేలో పంట లేదు కాబట్టి పంట సంగతి వదిలేద్దాం. ప్రాణరక్షణ సంగతైతే ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా లేదు కదా. ఇంట్లో ఆయుధం లేకుండానే 81 రాత్రులు నిద్రపోయినోళ్లం, ఖాళీ తుపాకీ పక్కన నిద్రపోలేమా? పైగా నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినోడి చేతిలో నిండు తుపాకీ ఉంటే మొదట ప్రమాదం దొంగకి కాదు, నీళ్లు తాగడానికి లేచిన కొడుక్కి, దొడ్లోకి వెళ్లొచ్చిన ముసలి తల్లికి.

మన పక్కనే బొబ్బిలి ఉంది. 1757 యుద్ధం కథ తెలియనోడు లేడు. ఆ కాలంలో మన దేశంలో ఎక్కువగా వాడినవి ఒత్తి తుపాకులు. మందు కూరినా, ఒత్తి అంటించి దగ్గరికి తేకపోతే పేలవు. అంత పౌరుషం ఉన్నోళ్ల తుపాకీ కూడా నిప్పు అంటించేదాకా నిద్రపోయేది. క్యాపులు వచ్చింది ఆ తర్వాత శతాబ్దంలో. క్యాపు వచ్చాక పని సులువైంది, ప్రమాదం కూడా సులువైంది. మగతనానికీ, మందు కూరి ఉంచడానికీ సంబంధం లేదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

మన సాలూరు లారీల ఊరు. ఇక్కడ ప్రతి ఇంటికీ లారీతో ఏదో ఒక చుట్టరికం ఉంది. ఒడిశా వైపు ఘాట్ రోడ్డు మీద లారీ ఆపిన డ్రైవరు ఏం చేస్తాడు? గేరులో పెడతాడు, హ్యాండ్ బ్రేకు వేస్తాడు, అయినా క్లీనరుని దింపి చక్రం కింద రాయి పెట్టిస్తాడు. "రాయి తియ్యడానికి టైము పడుతుంది, అర్జెంటుగా పోవాలంటే కష్టం" అని ఏ డ్రైవరైనా అంటాడా? అన్నోడికి మీరు లారీ ఇస్తారా? తుపాకీకి కూడా అంతే. గొట్టం ఖాళీ, గుర్రం కింద క్యాపు లేదు, బీరువాకి తాళం. మూడూ ఉండాలి, ఒకటి తప్పినా మిగతా రెండు ఆపుతాయి.

మరి చెయ్యాల్సిందేటి? నేను పాటించేదే రాస్తున్నాను.

ఇంటి దగ్గర తుపాకీ ఎప్పుడూ ఖాళీ. ఎవరి చేతికి ఇచ్చినా, ఎవరి చేతినుంచి తీసుకున్నా ఖాళీయో కాదో ముందు చూడాలి. మందు తుపాకీలో కూరే కడ్డీ గొట్టంలోకి వదిలి, ఎంత దిగిందో బయటపెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. ఖాళీ గొట్టానికి కడ్డీ దిగే లోతు దగ్గర ఒక గీత గీసి ఉంచండి, గీత దాకా దిగకపోతే లోపల మందున్నట్టే. ఈ పని చేసేటప్పుడు క్యాపు లేదని ముందు చూసుకోవాలి, మొహం గొట్టం మీదికి రాకూడదు.

చేనుకి నడిచేటప్పుడు కూడా ఖాళీగానే నడవాలి. గెడ్డ దాటాలి, కంచె దూకాలి, బురద గట్టు మీద జారతాం. కూరడం మంచె దగ్గరే. మంచె ఎక్కేటప్పుడు తుపాకీ భుజాన వేసుకుని ఎక్కకూడదు, క్యాపు లేకుండా తాడుతో పైకి లాక్కోవాలి, అదీ గొట్టం మనవైపు లేకుండా. క్యాపు డబ్బీలోనే, డబ్బీ జేబులోనే. గుంపు చేలో దిగిందని చెవికి తెలిశాకే క్యాపు పెట్టాలి. అవి పోయాక క్యాపు మళ్లీ డబ్బీలోకి.

చీకట్లో కదిలిందల్లా పంది కాదు. టార్చి వేసి మొత్తం జంతువు కనపడితే తప్ప గురి పెట్టకూడదు. మన ఏజెన్సీలో పంది అనుకుని మనిషిని కాల్చిన సంఘటనలు విన్నాం. పక్క చేను కాపలా వాడు ఏ మంచె మీదున్నాడో, నీళ్లు కట్టడానికి ఎవరెవరు వస్తారో సాయంత్రమే మాట్లాడుకోవాలి. పెద్ద గుళ్ల తూటా గుళ్లు అర కిలోమీటరు దాకా పోగలవు, మన చేలు అంత పెద్దవి కావు. ఇటుకల పండగ రోజుల్లో కొండ మీద గుంపులుగా తిరిగేటప్పుడు ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

తెల్లారగానే, ఇంటికి బయలుదేరక ముందే, పన్నెండు బోరు అయితే తూటా తీసేయాలి. మందు తుపాకీ అయితే ముందు క్యాపు తీయాలి, తర్వాత ఆ మందు అక్కడే వదిలించుకోవాలి. చుట్టూ మనుషులూ గొడ్లూ లేరని చూసి, రాళ్లు లేని మెత్తని మట్టి దిబ్బలోకి పేల్చేయడమే మంచిది. ఒక పూట మందు ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చుకి భయపడి ఇంటికి మోసుకెళ్లొద్దు.

ఇంకో మాట మర్చిపోకండి. తుపాకీ లైసెన్సు పందిని చంపడానికి లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం, 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. పంటకి ప్రమాదమని అటవీశాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపొచ్చు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆత్మరక్షణకి మాత్రం మినహాయింపు ఉంది. కేరళలో 2022లో ఈ అనుమతిచ్చే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకి ఇచ్చారు, కరెంటు తీగలూ, విషం, పేలుడు మందూ వాడకూడదన్న షరతుతో. మనం పంచాయతీల్లో తీర్మానం చేసి అడగాల్సింది ఇలాంటిది. పంట నష్టానికి అడవి జంతువుల దాడిని కూడా బీమాలో చేర్చుతామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది, 2026 ఖరీఫ్ నుంచి. మన పంటలకి, మన మండలాలకి అది వర్తించేలా చూడమని నాయకుల్ని నిలదీయండి. కుమ్మరిగుంట, కొమరాడ, కురుపాం అని కాదు, ఏ వైపున ఏనుగులు వచ్చినా మందు తుపాకీ మాత్రం ఎత్తకండి. దానికి ఏమీ కాదు, మనకే అవుతుంది.

ఎవరినీ నొప్పించాలని రాయలేదు. కానీ "ఖాళీ తుపాకీ కర్రముక్క" అన్న మాట ఇంకోసారి మీ ముందు ఎవరైనా అంటే ఊరుకోకండి. "అవును, ఇంట్లో ఉన్నంతసేపు అది కర్రముక్కే కావాలి" అని చెప్పండి. ఈ రాత్రి భోజనం చేశాక ఒక్క పని చెయ్యండి. గోడ మీదున్నదాన్ని దించి, పిల్లల్ని దూరంగా పంపి, గొట్టం గోడ వైపు కాదు, మట్టి నేల వైపు పెట్టి, ముందు క్యాపుందేమో చూడండి, తర్వాత కడ్డీ వేసి చూడండి. లోపల మందు తగిలితే క్యాపు లేకుండా తాళంలో పెట్టి, తెల్లారాక చేనుకి తీసుకెళ్లి వదిలించండి. చేతకాకపోతే తెలిసినోడిని పిలవండి, సిగ్గుపడక్కర్లేదు.

మీ ఊళ్లో తుపాకీ ఉన్న ఇళ్లు ఏవో మీకు తెలుసు. వాళ్లకి కూడా చెప్పండి.